క్లచ్చు చెడినచో మొదట విచారణ, పిదప వ్యయము

1904వ సంవత్సరమున సహకార పరపతి సంఘముల చట్టము వచ్చిననాటినుండి రైతునకు చౌకవడ్డీకి అప్పు సమకూర్చుటయే సహకారోద్యమపు ముఖ్యోద్దేశమని చెప్పుకొనుచున్నాము. తెచ్చిన ధనము వృథాగా జారిపోకుండ చూచుకొనుటయు నా యుద్దేశములోనిదే. పాతలారీల క్లచ్చును గూర్చి యీ మాసమున వ్రాయుటకు కారణమిదియే.

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో మిరపకాయలు, ప్రత్తి, కందులు, పలకలు మోయు లారీలలో పాతవియు గలవు. క్లచ్చు పెడలు కొంచెము తేడా చేసినంతనే గేరుబాక్సు దింపించి ప్లేటు మార్పించుట, ఆ ఖర్చును డ్రైవరు జీతములో కోయుట కొందరు యజమానులలో కానవచ్చుచున్నది. ఈ రెండును తప్పని మా యభిప్రాయము.

పెడలు ఏ విధముగా చెడినదో గమనించినచో దోషమెచ్చట నున్నదో చాలవరకు తెలియును. పెడలు పట్టు లేక అడుగంట దిగిపోయినదనుకొందము. కేబులు బండియైనచో కేబులు తెగినదేమో, పిన్ను ఊడినదేమో చూడవలెను. ఆయిలుతో పనిచేయు బండియైనచో డబ్బాలోని బ్రేకు ఆయిలు మట్టము చూడవలెను. నాలుగైదుమార్లు త్రొక్కగా పట్టు వచ్చినచో ఆయిలు తగ్గియో, గొట్టములో గాలి చేరియో యుండవచ్చును. త్రొక్కిపట్టగా మెల్లమెల్లగా దిగుచు, బయట చెమ్మ కానరానిచో మాస్టరు సిలిండరులోని రబ్బరు అరిగి యుండవచ్చును. వీనిలో దేనికిని ప్లేటుతో పని లేదు. ఆ డబ్బాలో ఇంజను ఆయిలు మాత్రము పోయరాదు. రబ్బరులు ఉబ్బి చెడును.

పెడలు పూర్తిగా త్రొక్కినను రివర్సు గేరు గరగరలాడుచున్నచో క్లచ్చు సరిగా విడుచుట లేదు. పెడలునకు ఆట ఎక్కువైనను, గాలి చేరినను అట్లగును. బహుకాలము కదలక నిలిచిన బండిలో ప్లేటు తుప్పుతో అంటుకొనుటయు గలదు. పెడలు త్రొక్కినప్పుడే కూత వచ్చినచో రిలీజు బేరింగును, విడిచినప్పుడు వచ్చి త్రొక్కగా ఆగినచో గేరుబాక్సు బేరింగును అనుమానింపవలెను.

ఇంజను హోరుమన్నను బండి ఎత్తు ఎక్కక, కాలిన వాసన వచ్చుచున్నచో క్లచ్చు జారుచున్నది. అప్పుడును మొదట ఆట చూడవలెను. సెట్టింగు గల బండిలో ఆట బొత్తిగా లేనిచో, కాలు తీసినను బేరింగు ఒత్తుచునే యుండి ప్లేటు కాలును. సవరించినను జారినప్పుడే ప్లేటు మాట తలపెట్టవలెను. ప్లేటుపై ఆయిలు పడినదని తేలినచో, కారు సీలును మార్పక క్రొత్తప్లేటు వేయించుట బూడిదలో పోసిన పన్నీరే.

కాలు పెడలుపై ఆనించి నడుపుట, ఎత్తున చేతిబ్రేకు వేయక క్లచ్చుతో బండిని నిలుపుట డ్రైవరు తప్పు. మోతాదు మించి బస్తాలెత్తించుట యజమాని తప్పు. రబ్బరు అరుగుట, కేబులు తెగుట తరచుగా కాలధర్మము. విచారింపకయే జీతము కోయుట న్యాయమా?

ధనమొక్కటియే కాదు. గిద్దలూరునుండి దిగువమెట్ట మీదుగా నంద్యాలకు పోవు నల్లమల దారిలోను, దోర్నాలనుండి శ్రీశైలమునకు పోవు ఘాటులోను దిగునప్పుడు తక్కువ గేరు పడకపోయినచో ఇంజను పట్టు తప్పి, భారమంతయు బ్రేకులపై బడును. బ్రేకులు కాగిన పిదప ఆ దేవుడే దిక్కు. పెడలు అనుమానముగ నున్న లారీని ఘాటుకు పంపరాదు. డీజిలు మిగులునని పల్లమున క్లచ్చు త్రొక్కి బండిని వదలుట అంతకంటె చేటు.

మెకానిక్కుకంటె మనకెక్కువ తెలియునా యని కొంద రడుగవచ్చును. రిపేరు మీరే చేసికొనుడని మేము చెప్పుట లేదు. కనబడిన లక్షణమును స్పష్టముగా చెప్పుడు; విప్పిన సామానును చూపుమని యడుగుడు. పని తెలిసినవాడు ఇందుకు కోపింపడు.

కావున లారీ గల సభ్యులు బండికొక పుస్తకముంచి, ఆట సవరించిన తేదీ, పోసిన ఆయిలు, మార్చిన సామాను వ్రాయవలెను. పలువురు కలిసి కొన్న లారీయైనచో, డ్రైవరుపై ఖర్చు మోపుటకు ముందు ఇద్దరు భాగస్వాములు, డ్రైవరు, మెకానిక్కు కూడి చూచి నిర్ణయింపవలెను. లెక్క యందరి కన్నుల యెదుట నుండుటయే సహకారము. అది సంఘపు పెట్టెకే గాక లారీకిని వర్తించును.