తాళం మనదంట, తాళంచెవి మాత్రం ఠాణాలో ఉండాలంట!

తప్పు చెయ్యనోడు ఫోను చూపించడానికి భయపడేదేముంది అంటున్నారు. టీవీల్లో కూర్చునే పెద్దమనుషులూ అంటున్నారు, ఊళ్లో రచ్చబండ మీద పెత్తందారూ అంటున్నాడు. వీళ్లలో ఒక్కడి ఇంటికైనా అర్ధరాత్రి పోలీసులొచ్చి తడిక తన్ని, కుండలు బోర్లించి, ఆడవాళ్ల పెట్టె తెరిచి చూశారా? చూడలేదు. అందుకే వాళ్లకది చిన్న మాట. మన వాడల్లో చిన్న మాట కాదు.

అసలు గొడవేంటో తేటగా చెప్పుకుందాం. వాట్సాప్‌లో మనం పంపిన మాట దారిలో ఎవరికీ అర్థంకాని అక్షరాల కుప్పగా మారిపోతుంది. దాన్ని మళ్లీ మాటగా మార్చే తాళంచెవి అవతలివాళ్ల ఫోన్లోనే ఉంటుంది. మధ్యలో ఉన్న కంపెనీ దగ్గర కూడా ఉండదు. దీన్నే ఎన్‌క్రిప్షన్ అంటారు. 2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్‌లో అందరికీ ఉంది. ఫోను లోపలి ఫోటోలకూ కాగితాలకూ ఇలాంటి తాళమే, మనం పెట్టుకున్న నంబరుతో తెరుచుకుంటుంది. పోస్టుకార్డుకూ అంటించిన కవరుకూ ఉన్న తేడా అనుకోండి. కాకపోతే ఈ కవరును పోస్టుమాస్టరు ఆవిరి పట్టి విప్పలేడు. ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారన్నది మాత్రం కంపెనీకి తెలుస్తుంది, అది మరవొద్దు.

ఈ తాళానికి మారుచెవి కావాలని ఎన్నో దేశాల ప్రభుత్వాలు అడుగుతున్నాయి. మన దగ్గర 2021 ఫిబ్రవరిలో కేంద్రం ఐటీ నిబంధనలు తెచ్చింది. ఒక మాట మొట్టమొదట ఎవరి ఫోన్లో పుట్టిందో, ఉత్తర్వు ఇస్తే కంపెనీ చెప్పి తీరాలంది. అలా చెప్పాలంటే ప్రతి ఒక్కరి ప్రతి మాటకూ ముందే గుర్తు వేసి పెట్టాలి, ఇక తాళం ఉన్నా లేనట్టే అని వాట్సాప్ అదే ఏడాది మేలో ఢిల్లీ హైకోర్టుకు పోయింది. మన మీద ప్రేమతో పోలేదు, వాడి వ్యాపారం వాడిది. అయినా వాడి వ్యాపారమూ మన ప్రాణమూ ఈ ఒక్క చోట ఒకే గట్టున నిలబడ్డాయి.

మన తాతలకు ఉత్తరమొస్తే ఎవరు చదివిపెట్టారు? కరణమో, బడిపంతులో, పోస్టుమేనో. రంగం పోయిన కొడుకు రాసిన కష్టమూ, పంపిన డబ్బు లెక్కా ముందు ఊరికి తెలిసి తర్వాత తల్లికి తెలిసేది. ఖాళీ నోటు మీద వేలిముద్ర వేయించుకుని, పైన ఏం రాసుకున్నారో మాత్రం మనకు చదివి వినిపించలేదు. మన బతుకు వాళ్లకు తెరిచిన పుస్తకం, వాళ్ల దస్తరం మనకు మూసిన పెట్టె. మా తరం బడికి పోయి ఇంటి ఉత్తరం మేమే చదివేదాకా ఇంటి మాట ఇంట్లో ఉన్నది లేదు. ఇప్పుడు కోనసీమ నుంచో కడప నుంచో కువైట్ ఇళ్లల్లో పనికి పోయిన అక్క, జీతమియ్యడం లేదనీ కొడుతున్నారనీ రాత్రిపూట చెల్లెలికి గొంతు పంపుతోంది. అది ఆ ఇద్దరి మధ్యే ఉంటోంది. మన జాతి చేతికొచ్చిన మొదటి తాళం ఇది. మనకొచ్చేసరికే అది దేశభద్రతకు ప్రమాదమైపోయింది!

బాబాసాహెబ్‌కు ఈ సంగతి బాగా తెలుసు. 1947లో రాజ్యాంగ సభ కోసం రాసిన స్టేట్స్ అండ్ మైనారిటీస్‌లో దీన్ని హక్కుగా పెట్టారు. మనిషి ఒంటినీ, ఇంటినీ, కాగితాలనూ, సామాన్లనూ ఇష్టమొచ్చినట్టు సోదా చెయ్యకూడదు. గట్టి కారణం ప్రమాణం మీద చెప్పకుండా వారంటు పుట్టకూడదు. ఏ చోటు వెతకాలో, దేన్ని పట్టుకోవాలో వారంటులో విడమర్చాలి. హక్కుల ఉపసంఘం ఇలాంటి రక్షణను మొదట ఒప్పుకుంది కూడా. తర్వాత అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ (మన నెల్లూరు సీమవాడే), బి.ఎన్. రావు పోలీసు పనికీ కోర్టు పనికీ అడ్డమొస్తుందన్నారు. ఎత్తేశారు. 1954లో ఎం.పి. శర్మ కేసులో ఎనిమిదిమంది జడ్జీలు ఏమన్నారు? రాజ్యాంగం రాసినవాళ్లు పెట్టలేదు గనుక ఆ హక్కు లేదన్నారు. పీకేసిందీ వాళ్లే, లేదన్నదీ వాళ్లే! చివరికి 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు కూర్చుని, గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. బాబాసాహెబ్ రాసిన 70 ఏళ్లకు.

ఆ 70 ఏళ్లు ఎవరి తలుపులు తట్టారో మనకు తెలుసు. 1871 నుంచి 1952 దాకా కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్తులన్న చట్టం నడిచింది. స్టూవర్టుపురం సెటిల్మెంటులో ఎరుకలోళ్లను హాజరు పిలిచి లెక్కపెట్టారు. చట్టం పోయింది, రౌడీషీటు మిగిలింది. ఇప్పుడు రోడ్డు మీద ఆపి ఫోను తియ్యమంటున్నారు. 2021 అక్టోబరులో హైదరాబాదులో పోలీసులు బండ్ల మీద పోయేవాళ్లను ఆపి, వాట్సాప్ తెరిపించి గంజాయి అన్న మాట కోసం వెతికారు. ఏ వీధుల్లో ఆపారు? జూబ్లీహిల్స్‌లో కార్లు ఆపి అడిగితే అప్పుడు మాట్లాడుకుందాం.

నిబంధనలున్నాయి కదా, దుర్వినియోగం జరగదు అంటారు. ఉన్నాయి. హోం కార్యదర్శి ఉత్తర్వు లేకుండా మామూలుగా ఎవరి ఫోనూ వినకూడదని 1996లోనే పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మరి తెలంగాణలో ఏం జరిగింది? నక్సలైట్ల మీద నిఘాకని పెట్టిన స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచిలో కూర్చుని 2023 ఎన్నికల ముందు ప్రతిపక్ష నాయకుల ఫోన్లు విన్నారనీ, ప్రభుత్వం మారగానే హార్డ్‌డిస్కులు ముక్కలు చేశారనీ 2024 మార్చిలో పోలీసులే పోలీసు అధికారులను అరెస్టు చేశారు. ఎమ్మెల్యేల గతే ఇదని అభియోగమైతే, వాడలో సంఘం పెట్టుకున్న కుర్రాడి గతేంటి?

ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఉంది. తాళం తీసి లోపలికొచ్చినవాడు ఎత్తుకుపోవడమే కాదు, పెట్టిపోనూగలడు. గుడిసెలో నాటుసారా పెట్టి కేసు రాయడం మనకు కొత్తా? భీమా కోరేగావ్ కేసు చూడండి. 2018 జూన్‌లో రోనా విల్సన్‌తోపాటు విద్రోహి పత్రిక సంపాదకుడు సుధీర్ ధావలే, నాగపూరు దళిత వకీలు సురేంద్ర గాడ్లింగ్ అరెస్టయ్యారు. విల్సన్ కంప్యూటర్లోకి 22 నెలలపాటు ఎవరో దొంగచాటుగా చొరబడి ఉత్తరాలు పెట్టారని అమెరికాలోని ఆర్సెనల్ సంస్థ 2021 ఫిబ్రవరిలో పరీక్షించి చెప్పింది. ఎన్ఐఏ ఒప్పుకోలేదు. ఆనంద్ తేల్‌తుంబ్డే 2020 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి నాడు, లొంగిపోవాల్సొచ్చింది. రెండున్నరేళ్లకు బెయిలు మీద బయటికొచ్చారు. ధావలేకు, విల్సన్‌కు బెయిలు దొరికింది 2025 జనవరిలో. విచారణ తేలకుండానే ఆరున్నరేళ్లు!

మరి నేరాలు పట్టుకోవద్దా అంటారు. కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురిని చంపారు. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని నరికి గోనెసంచుల్లో కట్టి కాలవలో పడేశారు. ఏ ఫోను తాళం అడ్డమొచ్చింది? చుండూరులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. గుజరాత్‌లోని ఊనాలో 2016 జూలైలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న మనవాళ్లను కట్టేసి కొట్టి, కొట్టినోళ్లే వీడియో తీసి ఊరేగించారు. మనమీద దాడి చేసేవాడికి దాపరికంతో పనేంటి? మనకు సాక్ష్యం కరువు ఏనాడూ కాలేదు. సాక్ష్యాన్ని నమ్మే మనసుకు కరువు.

ఆడపిల్లల ఫోటోలు పెట్టి బెదిరించేవాడి సంగతేంటని మన అక్కలే అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఆ బెదిరింపు పిల్ల ఫోన్లో ఉంటుంది, ఆ తాళం ఆమె చేతిలోనే ఉంది, ఆమె చూపిస్తుంది. ఎస్సై కాగితం తీసుకుంటే చాలు. వాడి ఫోను కావాలంటే వారంటు తెచ్చి ఆ ఒక్క ఫోను పట్టుకుని లేబొరేటరీకి పంపండి, ఎవరొద్దన్నారు? అమెరికాలో శాన్ బెర్నార్డినోలో 2015 డిసెంబరులో 14 మందిని కాల్చి చంపినవాడి ఐఫోన్ తెరవడానికి తాళాన్ని బలహీనం చేసే ప్రోగ్రాం రాసివ్వమని ఎఫ్‌బీఐ ఆపిల్ కంపెనీ మీద కోర్టు ఉత్తర్వు తెచ్చింది. ఒక్కదానికి రాస్తే అన్నిటికీ పనిచేస్తుందని ఆపిల్ ససేమిరా అంది. చివరికి 2016 మార్చిలో బయటివాళ్ల సాయంతో ఆ ఒక్క ఫోనూ తెరుచుకున్నారు. మారుచెవి లేకుండానే పనైంది. ఇదే ఎఫ్‌బీఐ మార్టిన్ లూథర్ కింగ్ మాటలు దొంగచాటుగా రికార్డు చేసి, 1964లో ఆ టేపుతోపాటు చచ్చిపొమ్మని సూచించే ఆకాశరామన్న ఉత్తరం పంపింది. నల్లవాళ్ల నాయకుడికి ఆ మర్యాద చేసిన చేతులకే మారుచెవి ఇమ్మంటారా?

మన ఊళ్లో ఆ చెవి ఎవరి మొలతాడుకు వేలాడుతుందో ఊహించండి. ఎస్సై పొద్దున కాఫీ తాగేది ఎవరింట్లో? కులం దాటి పెళ్లి చేసుకున్న పిల్లలు ఎక్కడ తలదాచుకున్నారో, కూలిరేటు కోసం రేపు ఎక్కడ కూర్చుంటున్నామో, అట్రాసిటీ కేసులో ఎవరు సాక్ష్యం చెప్పబోతున్నారో అన్నీ ఆ ఫోన్లోనే ఉన్నాయి. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో గర్భిణి భార్య కళ్లముందే దళిత యువకుణ్ణి కిరాయి హంతకుడితో నరికించారు. మన పిల్లలు ఎక్కడున్నారన్న కబురు పెత్తందారుకు చేరడమంటే అదీ.

కార్యకర్తలకు ఒక మాట. ఫోనుకు వేలిముద్ర తాళం తీసేసి ఆరంకెల నంబరు పెట్టుకోండి. తాతల వేలు పట్టి నోటు మీద అద్దినోళ్లు మనవల వేలు పట్టి ఫోను మీద అద్దగలరు, నంబరు బుర్రలోంచి తియ్యడం అంత తేలిక్కాదు. ఫోను స్వాధీనం చేసుకుంటే పంచనామా ప్రతి అడగండి. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ 105వ సెక్షను ప్రకారం సోదానూ స్వాధీనాన్నీ వీడియో తియ్యాలి, తీస్తున్నారా అని నలుగురి ముందు గట్టిగా అడగండి. ఫోను ఏ రోజు, ఏ వేళ, ఎవరు తీసుకున్నారో అదే రాత్రి కాగితం మీద రాసి ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించి సంఘానికి చేర్చండి. కోర్టులో వకీలుకు ముందు కావాల్సింది ఆ కాగితమే.