జరిమానా చిన్నది, నేరాంగీకారము చిన్నది కాదు

రాత్రి డ్యూటీ ముగించుకొని ఇల్లు చేరు స్టేషన్ సిబ్బందికైనను, ఉత్తరముల సంచితో ఊరు తిరుగు పోస్టుమాన్‌కైనను నేడు ద్విచక్రవాహనము నిత్యావసరము. కావున ట్రాఫిక్ కేసు మన సభ్యులలో ఎవరికైనను ఎదురు కావచ్చును. అట్టి సమయమున వకీలును పెట్టుకొనవలెనా, అక్కరలేదా అని ఆలోచించు సోదరులు సాధారణముగా ఒక్క లెక్కయే వేయుదురు: జరిమానా ఎంత, వకీలు ఫీజు ఎంత? ఈ లెక్క అసంపూర్ణమని మేము భావించుచున్నాము.

ప్రతి కేసుకును వకీలు కావలెనని మేము చెప్పుట లేదు. హెల్మెట్ లేకపోవుట వంటి అనేక తప్పిదములను 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 200వ సెక్షన్ క్రింద నిర్ణీత రుసుము చెల్లించి రాజీ చేసుకొనవచ్చును. దానితో కేసు ముగియును. కోర్టు దోషిగా తీర్పు చెప్పుట ఉండదు. ఇందుకు వకీలు ఫీజు దండుగ. చలానా పొరపాటున వచ్చినచో, ఆధారములు జతపరచి అభ్యంతరము వ్రాసియిచ్చుట మొదట చేయవలసిన పని.

కాని మద్యము సేవించి నడిపిన కేసు అట్టిది కాదు. 2019 సవరణ తరువాత 185వ సెక్షన్ క్రింద మొదటి నేరమునకే 6 నెలల వరకు ఖైదు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. దీనికి రాజీ లేదు. ప్రమాదములో మనిషి మరణించినచో, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షన్ క్రింద 5 సంవత్సరముల వరకు ఖైదు పడవచ్చును.

ఇట్టి కేసులలో “ఒప్పుకొనుము, ఒక్క పూటతో తేలిపోవును” అని కోర్టు వరండాలో సలహా చెప్పువారు ఎందరో ఉందురు. ఆ ఒక్క పూట తరువాత ఏమగునో వారు చెప్పరు. నేరము ఒప్పుకొన్నవానికి శిక్ష పరిమాణముపైనను, దాని చట్టబద్ధతపైనను తప్ప అప్పీలు లేదు. రాజ్యాంగములోని 311వ అధికరణము, తపాలా ఉద్యోగులకు వర్తించు 1965 నాటి నియమావళిలోని 19వ నియమము, రైల్వే ఉద్యోగులకు వర్తించు 1968 నాటి నియమావళిలోని 14వ నియమము - ఇవన్నియు క్రిమినల్ కేసులో శిక్షపడినవానిపై శాఖాపరమైన విచారణ లేకుండగనే చర్య తీసుకొనుటకు అధికారులకు వీలు కల్పించుచున్నవి. 48 గంటలు మించి నిర్బంధములో ఉన్నవాడు సస్పెండైనట్లే పరిగణింపబడును. మెయిల్ మోటారు డ్రైవరుకు లైసెన్సు పోయినచో జీవనోపాధియే ప్రశ్నార్థకమగును.

ఈ అధికారమునకు హద్దు లేకపోలేదు. శంకర్ దాస్ కేసులో 1985లో సుప్రీంకోర్టు, దానిని న్యాయముగా, సహేతుకముగా వినియోగింపవలెనని చెప్పినది. నిషిద్ధ స్థలములో స్కూటరు నిలిపినందుకు శిక్షపడిన ఉద్యోగిని బర్తరఫ్ చేయుట రాజ్యాంగము ఉద్దేశించినది కాదని ఉదాహరణముగా పేర్కొన్నది. అయినను ఈ రక్షణ అడిగినవానికే దక్కును. అడుగుటకు రికార్డు సరిగా ఉండవలెను. ఆ రికార్డు తయారగునది మొదటి వాయిదా నాడే.

ఫీజు భారమని వెనుదీయ పనిలేదు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టములోని 12వ సెక్షన్ ప్రకారము స్త్రీలు, షెడ్యూల్డు కులములు, తెగలవారు, పారిశ్రామిక కార్మికులు, నిర్బంధములో ఉన్నవారు ఉచిత న్యాయ సహాయమునకు అర్హులు. జిల్లా న్యాయ సేవల సంస్థకు దరఖాస్తు పెట్టినచో చాలును.

త్రాగి బండి నడుపుటను మేము సమర్థించుట లేదు. రోడ్డు మీద ప్రాణము పోగొట్టుకొనునదియు సాటి శ్రామికుడే. తప్పునకు చట్టము విధించిన శిక్ష పడుగాక. తెలియనితనమునకు ఉద్యోగము పోరాదు.

కావున కాగితముపై సంతకము చేయుటకు ముందు ప్రతి సభ్యుడును మూడు ప్రశ్నలు వేసుకొనవలెను: ఇది రాజీపడదగిన కేసా? ఖైదు పడు అవకాశమున్నదా? లైసెన్సుకో, ఉద్యోగమునకో ముప్పున్నదా? రాజీకి వీలులేకున్నను, మిగిలిన రెండింటిలో ఏ ఒక్కదానికి అవునని సమాధానము వచ్చినను వకీలును సంప్రదింపవలెను. శాఖా కార్యదర్శులు ఈ విషయమును గేటు సమావేశములలో వివరింపవలెనని కోరుచున్నాము. శిక్ష పడిన పిదప యూనియన్ తలుపు తట్టుటకన్న, సమను అందిన నాడే తట్టుట మేలు.