రాళ్లు తీశారు... సంచి మాటేమిటి?

కళ్లలో పసుపు పోయింది. నొప్పి లేదు. అన్నం సహిస్తోంది. మరి ఇంకా ఆపరేషన్ ఎందుకు? ఎండోస్కోపీతో పిత్తనాళంలోని రాళ్లు తీయించుకుని ఇంటికొచ్చిన చాలామంది సందేహమిది. జనగామ జిల్లా లింగాల ఘనపూర్ లాంటి చోట అది సందేహంతో ఆగదు. మళ్లీ వరంగలో హైదరాబాదో వెళ్లాలంటే తోడు మనిషి కావాలి, ఇద్దరి కూలీ పోతుంది. పత్తి ఏరాలి, వరి కోయాలి. 'పంట చేతికొచ్చాక చూద్దాం' అనుకుంటే నెలలు గడిచిపోతాయి. ప్రమాదం ఆ నెలల్లోనే ఉంది.

రాళ్లు పుట్టేదెక్కడ?

కాలేయంలో తయారైన పైత్యరసాన్ని దాచి, చిక్కబరిచే చిన్న సంచే పిత్తాశయం. రాళ్లు చాలావరకు పుట్టేది ఇందులోనే. ఒకటో రెండో జారి నాళంలో అడ్డుపడితే పైత్యరసం పేగులోకి దిగదు. కళ్లు పచ్చబడతాయి, మూత్రం ముదురు రంగులో వస్తుంది, మలం తెల్లబారుతుంది. ఊళ్లో వీటినే పసిరికలు అంటారు. అయితే నాళంలో ఇరుక్కున్న రాయి ఆకు పసరుకు కరగదు.

ఈఆర్‌సీపీలో నోటి ద్వారా గొట్టం పంపి, నాళం ద్వారాన్ని కొద్దిగా కోసి, రాయిని బయటకు లాగుతారు. ఈ కోత పద్ధతిని 1974లో జర్మనీ, జపాన్ వైద్యులు వెలుగులోకి తెచ్చారు. దీంతో నాళం శుభ్రపడుతుంది. కానీ రాళ్లు తయారుచేసే సంచి అలాగే ఉంటుంది!

ఆగితే ఏమవుతుంది?

నెదర్లాండ్స్ వైద్యులు దీన్ని పరీక్షించి 2002లో ఫలితాలు ప్రకటించారు. పిత్తాశయం తీయించుకోకుండా వేచి చూసినవారిలో రెండేళ్లలో 47 శాతం మందికి బాధలు తిరగబెట్టాయి. తీయించుకున్నవారిలో 2 శాతం మందికే! అరవై దాటినవారిపై హాంకాంగ్‌లో జరిగి 2006లో వెలువడిన అధ్యయనంలోనూ తేడా కనిపించింది. అక్కడ వేచి చూసినవారిలో 24 శాతం, తీయించుకున్నవారిలో 7 శాతం. రాయి మళ్లీ జారితే కామెర్లే కాదు, నాళంలో చీము, క్లోమం వాపు కూడా రావచ్చు. ఇవి ప్రాణం మీదికి తెస్తాయి. సంచి పదేపదే వాస్తే చుట్టుపక్కలకు అతుక్కుపోయి ఆపరేషన్ కష్టమవుతుంది. చిన్న రంధ్రాలతో అయ్యే పనికి పొట్ట కోయాల్సి రావచ్చు.

అందుకే వీలైతే రెండు వారాల్లోపే పిత్తాశయం తీయించడం మేలన్నది నిపుణుల మాట. గుండె, ఊపిరితిత్తుల జబ్బులతో బాగా నీరసించినవారి విషయంలో మాత్రం వైద్యులు ఆలోచించి నిర్ణయిస్తారు.

సంచి లేకపోతే తిన్నది అరుగుతుందా?

అరుగుతుంది. పైత్యరసాన్ని తయారుచేసేది కాలేయం. అది నేరుగా పేగులోకి చేరుతుంది. కొందరికి కొన్నాళ్లు విరేచనాలు పలుచగా కావచ్చు. నూనె పదార్థాలు తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

మరిచిపోకూడనివి

* నాళంలో ప్లాస్టిక్ స్టెంట్ వేశారేమో అడిగి తెలుసుకోవాలి. దాన్ని సాధారణంగా మూడు నెలల్లో తీయాలి, లేదా మార్చాలి. మరిచిపోతే పూడుకుపోయి చీము పడుతుంది.

* చలిజ్వరం, కళ్లు పచ్చబడటం, వీపులోకి పాకే తీవ్రమైన కడుపునొప్పి... వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

* ఈఆర్‌సీపీ అయ్యాక డిశ్చార్జి కాగితం మీద ఆపరేషన్ తేదీ రాయించుకున్నాకే ఇంటికి బయలుదేరాలి. పొలం పనుల తేదీలను దాన్నిబట్టి సర్దుకోవచ్చు.