ఆరోగ్య విషయములు: పెన్సిలినునకు లొంగని దగ్గు

విశాఖపట్టణమువంటి సముద్రతీర నగరమున వానలు వెనుకబట్టి చలిగాలి తిరుగు దినములలో దగ్గు వినబడని యిల్లు అరుదు. మిరియాల పాలు, శొంఠి కషాయము, తులసి రసము మన పెద్దలు వాడినవే. వానికి తగ్గు దగ్గును గూర్చి నేను వ్రాయ నక్కఱలేదు. ఇపుడు చెప్పదలచినది వేఱొక దగ్గు. బిడ్డకు మొదట గొంతునొప్పి, తలనొప్పి, ఒక మోస్తరు జ్వరము వచ్చును. పిమ్మట పొడిదగ్గు బయలుదేరి రాత్రులందు కన్ను మూయనీయదు. అయినను బిడ్డ మంచము పట్టదు. ఆటలకు పోవును, బడికి పోవును. మందుల దుకాణమున అమాక్సిసిలిన్ కొనితెచ్చి ఐదు దినములు వేసినను గుణము కానరాదు. రెండు మూడు వారములకు తమ్మునికి, ఆ తరువాత తండ్రికి అదే వరుస. ఆయన తిరుగగలుగుచున్నాడు గనుక స్టీలుప్లాంటు షిఫ్టునకో, ఓడరేవు పనికో నాగా పెట్టడు. ఇట్లు తిరుగుచునే యనుభవించు న్యుమోనియా ఒకటి కలదు.

దీనికి ముఖ్య కారణము మైకోప్లాస్మా న్యుమోనియే అను సూక్ష్మజీవి. పెన్సిలిను, దాని కుటుంబములోని అమాక్సిసిలిన్ మొదలగు మందులు క్రిమి చుట్టునుండు గోడను కట్టుకొననీయక దానిని చంపును. ఈ క్రిమికి గోడయే లేదు. గోడ లేని యింటికి కన్నము వేయవచ్చిన దొంగ యేమి చేయగలడు? మందు మంచిదే, దుకాణదారుడు మోసగాడు కాడు; అది పనిచేయవలసిన చోటు ఇక్కడ లేదు, అంతియే.

వైద్యులును దీనిని తెలిసికొనుటకు చాలకాలము పట్టినది. 1938లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగర వైద్యుడు రైమన్ దీనిని సాధారణ న్యుమోనియానుండి వేఱుచేసి వర్ణించెను. 1944లో ఈటన్ అను నతడు దీనికి కారణమైన క్రిమిని కనుగొనెను గాని, అది మిక్కిలి సూక్ష్మమగుటచే వైరసని తలచిరి. అది వైరసు కాదని తేలుటకు 1960 దాటవలసివచ్చెను.

ఈ కథలో మన తెలుగుబిడ్డ పాత్ర యొకటి కలదని చాలమంది యెఱుగరు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, స్ప్రూ అను జబ్బుచే అన్నదమ్ములను పోగొట్టుకొని, వైద్యము చదివి అమెరికా చేరి, లెడర్లీ సంస్థలో పరిశోధనాధిపతియైరి. వారి యాజమాన్యమున, డెబ్బదియేండ్లు దాటిన డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు మిస్సోరీ రాష్ట్రపు నేలమట్టిలోని బూజువంటి సూక్ష్మజీవినుండి బంగారు వన్నె మందు నొకదానిని సాధించెను. అదియే ఆరియోమైసిన్. అది గోడ జోలికి పోక, క్రిమి తన మాంసకృత్తులను తయారుచేసికొను పనినే ఆపివేయును. కావున పెన్సిలినునకు లొంగని న్యుమోనియాకును అది పనికివచ్చెను. 1948 జూలైలో ఆ మందు లోకమునకు వెల్లడియైనది. ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూసిరి. నేడు వైద్యులు వ్రాయు డాక్సీసైక్లిన్ ఆ వంశములోనిదే. మన విశాఖ, విజయనగరము జిల్లాలలో పొదలలోని చిన్న పురుగు కాటువలన వచ్చు స్క్రబ్ టైఫస్ జ్వరమునకు సైతము ఇదియే ప్రధానౌషధము.

అయితే ఈ మందును మనమే కొని వాడుట తగదు. టెట్రాసైక్లిన్ జాతి మందులు ఎదుగు బిడ్డల దంతములకు మచ్చ తెచ్చుననెడి భయముచే ఎనిమిదేండ్లలోపు వారికిని, గర్భవతులకును వైద్యులు వీనిని మిక్కిలి ఆలోచించి గాని ఈయరు. పిల్లలకు సాధారణముగా వ్రాయునది అజిత్రోమైసిన్. కరోనా కాలమున, 2020, 2021లలో, ఈ మాత్ర అనేక గృహముల అలమరలలోనికి చేరినది. నేటికిని జలుబు చేసినచో తల్లులు దానిని వెదకుచున్నారు. చైనా, జపాను దేశములలో మైకోప్లాస్మా ఈ మందునకు లొంగకుండుట ఇప్పటికే విరివిగా కనబడినది. అక్కఱ లేనపుడు మ్రింగిన మాత్ర, అక్కఱ వచ్చినపుడు వట్టిపోవును.

ఈ వర్గములోనిదే లెజియనెల్లా యను మఱియొక క్రిమి. 1976లో ఫిలడెల్ఫియాలోనే ఒక హోటలున మాజీ సైనికులు సమావేశమైనపుడు పుట్టిన వింత న్యుమోనియాచే 34 మంది మరణించిరి. దాని క్రిమి మఱుసటి యేట దొరకినది. ఇది దగ్గువలన గాక నీటి తుంపరలవలన వచ్చును. గోరువెచ్చని నిలువనీటిలో పెరుగును. 60 డిగ్రీలు దాటిన వేడిలో చచ్చును. కర్మాగారముల శీతల గోపురములను శుభ్రపరచుట యజమానుల బాధ్యత. మనము చేయదగినది, చాలదినములు వాడని కూలరు తొట్టిని తోమి క్రొత్తనీరు పోయుట, ఊరినుండి వచ్చిన దినమున కొళాయిని కొంతసేపు వదలిపెట్టుట.

దగ్గు రెండు వారములు దాటినచో క్షయ కాదని తేల్చుకొనుట మొదటి పని. ప్రభుత్వాసుపత్రులలో కఫపరీక్ష ఉచితము. విశాఖవారికి పెదవాల్తేరులో ఛాతీవ్యాధుల ఆసుపత్రియే కలదు. వైద్యునికి మీరిచ్చిన మందుల పేర్లు, ఇంటిలో ఎవరికి ఎన్ని దినముల తేడాతో దగ్గు వచ్చినది చెప్పుడు. ఆ వరుసయే ఆయనకు సగము రోగనిదానము.

పసివారి విషయమున వేచియుండరాదు. బిడ్డ నిమ్మళముగా నున్నపుడు గడియారము చూచి పూర్తిగా ఒక నిమిషము ఊపిరి లెక్కింపుడు. రెండు నెలలు నిండి ఏడాదిలోపు బిడ్డకు 50, ఏడాదినుండి ఐదేండ్లలోపు బిడ్డకు 40, అంతకు తక్కువ గాక ఉన్నను, డొక్కలు ఎగురవేయుచున్నను ఆ పూటయే ఆసుపత్రికి తీసికొనిపొండు. రెండు నెలలు నిండని శిశువునకు దగ్గు, ఆయాసము కనబడినచో లెక్కతో పనిలేదు, వెంటనే చూపవలెను.

కారణము తేలి, మందు పూర్తిచేసి, జ్వరము విడిచి ఆకలి పుట్టిన పిమ్మట కూడ పొడిదగ్గు కొన్ని వారములు నిలువవచ్చును. అంతమాత్రమున మరల మాత్రలు మొదలుపెట్ట నక్కఱలేదు. అపుడు మిరియాల పాలు నిరభ్యంతరముగా ఇయ్యవచ్చును.