కరాటే క్యాంపుకి అమ్మాయిని పంపుతారా?

వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయంటే కరాటే మాస్టారి దగ్గర్నుంచి ఓ కాగితం ఇంటికొస్తుంది. అయిదు రోజులు కొండమీదో, సముద్రం ఒడ్డునో క్యాంపు, సంతకం పెట్టి పంపండి అని. అబ్బాయికైతే వెంటనే పెట్టేస్తాం. అమ్మాయికైతే ఆ కాగితం వారంరోజులు ఫ్రిజ్ మీదే పడుంటుంది. చివరికి "వచ్చే ఏడాది చూద్దాంలేవే" అంటాం. అవునా, కాదా?

ఇది మాస్టర్లు ఫీజుల కోసం కనిపెట్టిన వేడుకేం కాదండీ. జపానులో దీన్ని 'గాష్షుకు' అంటారు, అందరూ ఒకచోట బస చేయడమని అర్థం. గడ్డకట్టే చలికాలంలో తెల్లవారుజామున చేసే 'కాన్‌గేకో' అనే సాధన కూడా ఉంది. హాల్లో నున్నటి గచ్చుమీద కుదిరిన అడుగు ఇసుకలో కుదరదు. పాదం దిగబడుతుంది, పిక్కలు లాగుతాయి, ఒళ్లు మళ్లీ సర్దుకోవాలి. రేపు అమ్మాయి వెంటపడే వెధవ చాప పరిచి రమ్మంటాడా ఏమిటి!

అలాగని కళ్లు మూసుకుని పంపమనడం లేదు. స్వయంగా వెళ్లి మాస్టారిని అడగండి. ఆడపిల్లలెంతమంది? రాత్రిళ్లు వాళ్లతో పడుకునే ఆడమనిషి ఎవరు? గదికి లోపల గడియ ఉందా? బాత్రూము ఎంత దూరం? ఈ ప్రశ్నలకి నొచ్చుకునే మాస్టారైతే నేనైతే పంపను. 2012లో వచ్చిన పోక్సో చట్టం 18 ఏళ్లలోపు ఆడా, మగా పిల్లలందరికీ వర్తిస్తుంది. మీ ఫోన్ నెంబరుతోపాటు 1098 కూడా పిల్లకి కంఠతా వచ్చేలా చెప్పండి.

సముద్రమైతే మరీ జాగ్రత్త. విశాఖ తీరంలో అల చిన్నగానే కనిపిస్తుంది, వెనక్కి పోయేటప్పుడు కాళ్లకింది ఇసుకతో సహా లాగేస్తుంది. ఈత వచ్చినవాళ్లకీ ప్రమాదమే. ఒడ్డున సాధన చాలు, నీళ్లలోకి దిగడం వద్దని ముందే ఖాయం చేసుకోండి.

ఇక ఎండ. దాహం ఓర్చుకోవడమూ శిక్షణేననే మాస్టర్లు ఇంకా ఉన్నారు. వడదెబ్బకి బెల్టు రంగు తెలీదు. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపడం పిల్లకి నేర్పండి. చెంచాలు తలకొట్టినవే సుమా. ఎవరికైనా ఒళ్లు కాలిపోతూ మాటలు తికమకపడితే నీడకి చేర్చి, ఒంటిమీద నీళ్లు పోస్తూ వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. అరకు, హార్స్‌లీ హిల్స్ లాంటి చోట్ల ఎండ బాధ తక్కువే గానీ రాత్రికి దుప్పటి ఉండాలి.

నెలసరి రోజులు కలిసొచ్చాయని మానిపించకండి. తెల్లడ్రెస్సు కదా, పిల్లల భయమంతా దానికే. లోపల వేసుకోడానికి ముదురురంగు షార్ట్స్ రెండు, ప్యాడ్లు, పాత న్యూస్‌పేపర్లు సర్దిపెట్టండి.

సున్నుండలు, వేరుశనగ చిక్కీ అయిదు రోజులూ నిలవుంటాయి. దారిలోకి పులిహోర కట్టివ్వండి, మర్నాటికి మాత్రం దాచుకోవద్దని చెప్పండి. ఆ వేడికి పాచిపోతుంది.