బ్యాటూ ఉండాలి, బ్యాగూ ఉండాలి


అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో నాలుగో వంతుకు పైగా ఆటగాళ్లు విదేశాల్లో పుట్టినవారే. జపాన్ స్టార్ షోహెయ్ ఒటానీ పేరు మీరూ వినే ఉంటారు. కానీ వీరిలో మిగతా ఏ దేశం కంటే ఎక్కువమంది డొమినికన్ రిపబ్లిక్ అనే చిన్న దేశం వారు. 30 క్లబ్బులకూ అక్కడ అకాడమీలున్నాయి. 16 ఏళ్లకే కాంట్రాక్ట్ దొరుకుతుంది. ఆ ఆశతో ఎందరో పిల్లలు అంతకు ముందే బడి మానేస్తారు. సంతకం చేసినవారిలోనూ ఎక్కువమంది మేజర్ లీగ్ దాకా చేరరు. అందుకే కొన్ని క్లబ్బులు అకాడమీలోనే హైస్కూలు చదువు చెప్పిస్తున్నాయి.

మన పిల్లల్ని క్రికెట్‌కో, బ్యాడ్మింటన్‌కో తప్పక పంపండి. బడి మాన్పించి మాత్రం వద్దు. ఆట ఆగిన రోజున చేతిలో చదువు మిగలాలి.