గరుడ స్క్వాడ్: కొన్ని సందేహాలు

వేటపక్షిని మచ్చిక చేసి, ఆకాశంలో ఎగిరే దానిని పట్టించడం దక్కను సీమకు కొత్త విద్య కాదు. బీజాపూరు సుల్తాను రెండవ ఇబ్రాహీం ఆదిల్‌షా డేగవేటకు వెళ్ళే చిత్రం నేటికీ నిలిచి ఉంది. ఉర్దూలో బాజ్, షాహీన్. తెలుగులో డేగ, సాళువ. రెండు భాషల్లోనూ ఈ పక్షులకు రాజమర్యాద దక్కింది. వాటిని తీర్చిదిద్దిన మీర్‌షికారుల పేర్లను మాత్రం చరిత్రలో వెదుక్కోవలసిందే.

ఆ విద్యను ఇటీవల మన రాష్ట్ర పోలీసులు చేపట్టారు. 2020లో సంకల్పించి, మొయినాబాద్‌లోని ఇంటెలిజెన్స్ శిక్షణ సంస్థలో సుమారు మూడేళ్ళు తర్ఫీదు ఇచ్చిన గద్దలను 2024లో ‘గరుడ స్క్వాడ్’ పేర పరిచయం చేశారు. అనుమానాస్పదమైన డ్రోన్‌ను గాలిలోనే పట్టి దించడం వాటి పని. జనసమ్మర్దం గల సభపై డ్రోన్‌ను కాల్చి కూలిస్తే శకలాలు జనం నెత్తినే పడతాయి. పక్షి దానిని గోళ్ళతో బిగించి పక్కకు తీసుకొనిపోగలదు. ఈ వాదంలో బలముందని ఒప్పుకోవాలి.

అయితే తర్ఫీదు ఎట్లా సాగుతుందో విద్యార్థులు తెలుసుకోవాలి. ఇక్కడ గురువు ఆకలి. పక్షిని రోజూ తూకం వేసి, ఎగిరే సత్తువ తగ్గకుండా, మాంసంపై ఆశ చావకుండా కొలిచి మేపుతారు. ఫ్రాన్సు వైమానిక దళం బంగారు గద్దల పిల్లలకు డ్రోన్ శకలాలపైనే ఆహారం పెట్టి పెంచింది. వాటికి డ్యూమా నవలలోని వీరుల పేర్లు కూడా పెట్టారు! పంకా రెక్కలు కోయకుండా కాళ్ళకు తోలుతో, కెవ్లార్‌తో తొడుగులు కుట్టించారు. తొడుగు అవసరమైందంటే గాయం ఎంత సమీపంలో ఉందో ఊహించవచ్చు.

నెదర్లాండ్స్ తరువాత ప్రపంచంలో ఈ ఘనత మనదేనని పత్రికలు రాశాయి. కాని నెదర్లాండ్స్ పోలీసులు 2016లో చేపట్టిన ఈ ప్రయత్నాన్ని 2017లోనే విరమించారు. ఖర్చు అనుకున్నదానికంటె మించింది. పక్షులు అన్ని వేళలా చెప్పినట్లు చేయలేదు. మనవారు సంకల్పించేనాటికే వారు ముగించారన్నమాట. మన సైన్యం మాత్రం 2022లో ఔలీ విన్యాసాల్లో ‘అర్జున్’ అనే గద్దను ప్రదర్శించింది. ప్రదర్శన వేరు, నిత్యవిధి వేరు.

మన ఆర్మూరు ప్రాంతపు చేలనే చూడండి. మందు చల్లే డ్రోన్ నిండు ట్యాంకుతో ఇరవై కిలోలు దాటుతుంది. మన ఊరిపై తిరిగే గద్ద కిలో బరువైనా ఉండదు. అటువంటి యంత్రంపైకి పక్షిని వదలడం దానిని చావుకు పంపడమే. చిన్న డ్రోన్‌కే పనికివచ్చే ఆయుధాన్ని సర్వరక్షగా చెప్పుకోవడం నాకు రుచించదు.

మరొక మాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేనిదే వేటపక్షిని పట్టడం శిక్షార్హం. చట్టం మంచిదే. కాని తరతరాలుగా ఈ విద్యతో బ్రతికిన పేదవాని చేతిలో నేరమైనది ప్రభుత్వం చేతిలో ఘనకార్యమైనప్పుడు, లెక్క చెప్పవలసిన బాధ్యత ప్రభుత్వానిదే. ఎన్ని పక్షులు గాయపడ్డాయి? ఖర్చెంత? ముసలితనంలో వాటి పోషణ ఎవరిది? ఆకలితో నేర్చినదానిని అడవిలో వదిలితే బ్రతకగలదా?

ఈ ఏటి విజ్ఞానయాత్రకు మొయినాబాద్‌ను కూడా కళాశాల కమిటీవారు పరిశీలించాలని, అనుమతి లభిస్తే మన జంతుశాస్త్ర విద్యార్థులు ఈ ప్రశ్నలనే అక్కడి శిక్షకులను అడగాలని నా మనవి.